ఏడు గుణకారాల స్ట్రాసెన్: మూడు పేజీలతో మొదలైన గొడవ

1969లో ‘న్యూమెరిషె మాథెమాటిక్’ అనే జర్మన్ గణిత పత్రికలో మూడంటే మూడు పేజీల పేపర్ ఒకటి వచ్చింది. గాస్ ఎలిమినేషనే అన్నిటికన్నా మేలైన పద్ధతేమీ కాదని దాని శీర్షికలోనే ఉంది. ఇంటర్ ఎంపీసీలో గాస్-జోర్డాన్ పద్ధతి అని నేర్పుతారు కదా, ఒక వరుసను ఏదో సంఖ్యతో గుణించి ఇంకో వరుసలోంచి తీసేస్తూ సమీకరణాలు సాధించేది, ఇది దానికి అన్నదమ్ముల వరస. ఎన్నో తరాలుగా ఇంజనీర్లూ ఖగోళ శాస్త్రవేత్తలూ దీంతోనే బండి లాగించారు. అడ్డు వరుసల్ని, నిలువు వరుసల్ని మొత్తంగా పట్టుకుని కదిపే పద్ధతుల్లో దీన్ని మించింది ఉండదని 1965లో ఇద్దరు సోవియట్ గణితవేత్తలు నిరూపించారు కూడా. అలాంటి చోటికి ఫోల్కర్ స్ట్రాసెన్ అనే ముప్పై దాటిన జర్మన్, అప్పటిదాకా సంభావ్యతా సిద్ధాంతం చేసుకుంటున్న మనిషి, వచ్చి మూడు పేజీల్లో తేల్చేశాడు.

కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకి స్ట్రాసెన్ పేరు అల్గారిథమ్స్ సబ్జెక్టులో తగులుతుంది. ఏడు ఫార్ములాలు బట్టీ కొట్టి, పరీక్షలో రాసి, మర్చిపోతారు. నా ఉద్దేశంలో ఆ ఏడు ఫార్ములాలు ఆయన చేసిన పనిలో చిన్న ముక్క. ఒక లెక్క చేయడానికి తప్పనిసరిగా ఎంత శ్రమ పడాలి, ఇంతకన్నా తక్కువలో కుదరదని ఎలా చెప్పగలం అన్న ప్రశ్నని జీవితమంతా వదలకుండా పట్టుకున్నాడు, మిగతావన్నీ దాని చుట్టూ పుట్టినవే. ఏడు గుణకారాల పద్ధతి కూడా, నిజానికి, తక్కువలో కుదరదని నిరూపించబోయి ఓడిపోతే దొరికింది.

ఆయన 1936 ఏప్రిల్ 29న డ్యూసెల్‌డార్ఫ్‌లోని గెర్రెస్‌హైమ్‌లో పుట్టాడు. యూనివర్సిటీలో సంగీతం, తత్వశాస్త్రం, భౌతికశాస్త్రం, గణితం అన్నీ చదివాడు, అదీ ఒకచోట కాదు, వేర్వేరు జర్మన్ విశ్వవిద్యాలయాల్లో. చివరికి గణితం దగ్గర ఆగి, 1962లో గటింగెన్‌లో కొన్రాడ్ యాకోబ్స్ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేశాడు. తర్వాత అమెరికా వెళ్లి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, స్టాటిస్టిక్స్ విభాగంలో చేరాడు.

అక్కడ ఆయన చేసిన పని సంభావ్యతలో ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. నాణెం ఎగరేస్తూ బొమ్మ పడితే ఒకటి కలపండి, బొరుసు పడితే ఒకటి తీసేయండి. ఎగరేసిన సంఖ్య పెరిగేకొద్దీ మొత్తం సున్నా నుంచి ఎంత దూరం పోగలదు? దానికి కచ్చితమైన హద్దు 1924లో ఖించిన్ కనిపెట్టాడు. స్ట్రాసెన్ 1964లో ఇంకో మెట్టెక్కి, ఎంత దూరం పోతుందో ఒక్కటే కాకుండా పోయే దారి మొత్తం ఏయే ఆకారాలు తీసుకోగలదో, ఆ ఆకారాల పూర్తి జాబితా ఏమిటో తేల్చాడు. అంతటితో ఆగిపోయి ఉన్నా సంభావ్యత పుస్తకాల్లో ఆయన పేరు ఉండేది.

ఇక అసలు గొడవకి వద్దాం.

రెండు వరుసలు, రెండు నిలువు వరుసలు ఉన్న మాత్రికలు (మ్యాట్రిక్స్‌లు, అంటే అంకెల పట్టికలు) రెండు తీసుకోండి. మొదటిదానిలో పై వరుస క, ఖ. కింది వరుస గ, ఘ. రెండోదానిలో పై వరుస ప, ఫ. కింది వరుస బ, భ. వీటిని గుణిస్తే వచ్చే మాత్రికలో నాలుగు గళ్లు, ఒక్కో గడికి రెండేసి గుణకారాలు, మొత్తం ఎనిమిది. ఉదాహరణకి పై వరుసలో కుడివైపు గడి విలువ క×ఫ + ఖ×భ. ఇందులో ఆదా చేయడానికి ఏముంది, నాలుగు గళ్లకీ కావలసిన ఎనిమిది లబ్ధాలూ వేర్వేరు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. స్ట్రాసెన్‌కీ అలాగే అనిపించింది. మామూలు పద్ధతే అత్యుత్తమం అని నిరూపిద్దామనుకున్నాడు, సాధారణంగా నిరూపించడం కష్టం కాబట్టి ముందు ఈ రెండుకి రెండు మాత్రికలతో, అదీ సున్నా, ఒకటి మాత్రమే ఉండే చిన్న లోకంలో ప్రయత్నించాడు. నిరూపణ కుదరలేదు. కుదరకపోవడానికి కారణం, అది నిజం కాకపోవడమే!

ఆయన చేసిందేమిటో ఒక గడి వరకు చూద్దాం. కుడివైపు పై గడి కోసం ఆయన రెండు లబ్ధాలు వాడాడు: క×(ఫ − భ) ఒకటి, (క + ఖ)×భ ఇంకోటి. రెండూ కలపండి: క×ఫ − క×భ + క×భ + ఖ×భ. మధ్యలోవి రెండూ కొట్టేసుకుపోతాయి, కావలసింది మిగులుతుంది. రెండు గుణకారాలతో అయ్యేదాన్ని మళ్లీ రెండు గుణకారాలతోనే, పైగా అనవసరపు కూడికలు కలిపి చేస్తే లాభమేంటి? లాభం ఏమిటంటే, ఈ రెండు లబ్ధాలు ఇక్కడితో అయిపోవు. మొదటిది కింద కుడివైపు గడిలో మళ్లీ పనికొస్తుంది, రెండోది పైన ఎడమవైపు గడిలో. అలా ఒకే లబ్ధం రెండు గళ్లకి ఉపయోగపడేలా ఏడు లబ్ధాలను ఎంచుకుంటే నాలుగు గళ్లూ నిండిపోతాయి. ఖర్చు మాత్రం 18 కూడికలు, తీసివేతలు.

ఒక్క గుణకారం మిగలడానికి పద్దెనిమిది కూడికలా అని నవ్వుకోవచ్చు, రెండుకి రెండు మాత్రికల దగ్గరే ఆగిపోతే నిజంగా నవ్వాల్సిందే. కానీ ఆ క, ఖ, గ, ఘ అన్నవి సంఖ్యలే కానక్కర్లేదు, ఒక్కోటీ ఒక పెద్ద మాత్రిక కావచ్చు. 1024కి 1024 మాత్రికను నాలుగు ముక్కలుగా కోస్తే ఒక్కో ముక్క 512కి 512. ఆ ముక్కల మీద ఏడు గుణకారాలు, ఒక్కో గుణకారంలోనూ మళ్లీ ముక్కలు కోసి ఏడు, అలా పదిసార్లు కిందికి దిగితే విడి సంఖ్యల దాకా వస్తాం. మామూలు పద్ధతిలో 8ని పదిసార్లు హెచ్చవేసినన్ని గుణకారాలు, అంటే 107 కోట్ల పైచిలుకు. ఈ పద్ధతిలో 7ని పదిసార్లు, అంటే 28 కోట్ల చిల్లర. మాత్రికల కూడిక గుణకారంతో పోలిస్తే చవక కాబట్టి, మాత్రిక పెద్దదయ్యేకొద్దీ కూడికల ఖర్చు వెనకబడిపోతుంది.

ఇక్కడ చాలా వివరణలు దాటేసే సంగతి ఒకటుంది, నాకైతే అసలు కీలకం అదే. 1968లోనే ష్మ్యుయెల్ వినోగ్రాడ్ గుణకారాల్ని దాదాపు సగానికి తగ్గించే చిట్కా చూపించాడు. మరి ఆయన్ని వదిలేసి అందరూ స్ట్రాసెన్ పేరే ఎందుకు తలుస్తారు? వినోగ్రాడ్ చిట్కా క×ప అన్నా ప×క అన్నా ఒకటే అన్న నియమం మీద నిలబడింది. సంఖ్యలకి అది నిజం, మాత్రికలకి కాదు, మాత్రికల్లో వరుస మారిస్తే జవాబు మారిపోతుంది. అందుకని ముక్కల లోపలికి దిగడానికి ఆ చిట్కా పనికిరాదు, సగం ఆదా దగ్గరే ఆగిపోతుంది. స్ట్రాసెన్ ఫార్ములాల్లో మొదటి మాత్రిక అక్షరాలు ఎప్పుడూ ఎడమవైపే, రెండోదానివి ఎప్పుడూ కుడివైపే ఉంటాయి, ఆ జాగ్రత్త వల్లనే ఎంత లోతుకైనా దిగొచ్చు. పైకి చిన్నగా కనిపించే ఎనిమిదో వంతు తగ్గింపు ప్రతి మెట్టులోనూ పేరుకుంటూ పోయి, పని పెరిగే వేగాన్నే మార్చేసింది. వరుసల సంఖ్య రెట్టింపైతే పాత పద్ధతిలో పని ఎనిమిది రెట్లు, కొత్తదానిలో ఏడు రెట్లు. గణిత భాషలో ఘాతం 3 నుంచి సుమారు 2.807కి దిగింది. మాత్రిక విలోమం, నిర్ధారకం, సమీకరణాల సాధన అన్నిటినీ మాత్రికల గుణకారంగా మార్చొచ్చని కూడా ఆ మూడు పేజీల్లోనే చూపించాడు, అందుకే శీర్షికలో గాస్ పేరు. ఆ పేపర్ రాయమని ప్రోత్సహించినందుకు కృతజ్ఞతలు చెప్పినవారిలో స్టీఫెన్ కుక్ ఉన్నాడు. రెండేళ్ల తర్వాత పి, ఎన్‌పీ ప్రశ్నని (జవాబుని త్వరగా సరిచూడగలిగిన ప్రతి సమస్యనీ త్వరగా సాధించొచ్చా అన్నదాన్ని) ప్రపంచం ముందు పెట్టిన కుక్ ఆయనే.

అయితే దీన్ని అందరూ రోజూ వాడేస్తున్నారా? అంత సీన్ లేదు. కూడికలన్నీ కలుపుకుంటే మొత్తం పని 4.7 × 7^10 లోపు ఉంటుందని ఆయన హద్దు చెబుతుంది, మన 1024 ఉదాహరణలో అది సుమారు 133 కోట్లు. మామూలు పద్ధతిలో గుణకారాలు, కూడికలు కలిపి 215 కోట్ల దాకా. అంటే గుణకారాల్లో నాలుగు రెట్లకి దగ్గరగా కనిపించిన తేడా అసలు లెక్కలోకి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు దాటి కొంచెం. పైగా తాత్కాలిక మాత్రికలకి అదనపు మెమరీ కావాలి, దశాంశాల్లో చేసేటప్పుడు రౌండింగ్ పొరపాట్లు కొంచెం ఎక్కువగా పేరుకుంటాయి. అందుకని నిజంగా వాడేవాళ్లు పైన ఒకటి రెండు మెట్లు స్ట్రాసెన్‌తో దిగి, ముక్కలు కొన్ని వందల సైజుకి వచ్చాక మామూలు పద్ధతికి మారిపోతారు. దీని తర్వాత వచ్చిన, ఘాతం ఇంకా తక్కువున్న పద్ధతులు చాలావరకు కాగితం మీదే ఉన్నాయి. ఇది కంప్యూటర్‌లో నడుస్తుంది, అది తక్కువ గొప్ప కాదు.

1968లో స్ట్రాసెన్ స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు, అక్కడ ఇరవై ఏళ్లున్నాడు. ఈ ఇరవై ఏళ్లలో చేసిన పనులు ఒక్కోటీ ఒక్కొక్కరి జీవితానికి సరిపోయేవి.

1971లో ఆర్నోల్డ్ షోన్‌హాగెతో కలిసి పెద్ద సంఖ్యల గుణకారం మీద పేపర్ రాశాడు. బళ్లో నేర్పే పద్ధతిలో వెయ్యి అంకెల సంఖ్యలు రెండింటిని గుణిస్తే పది లక్షల అంకెల గుణకారాలు. ఇంతకన్నా బాగా కుదరదని మహానుభావుడు కొల్మొగొరోవ్ కూడా అనుకున్నాడు, 1960లో ఆయన సెమినార్‌లో ఆ మాట విన్న కరత్సూబా అనే కుర్రాడు వారం తిరక్కుండా తప్పని తేల్చాడు. షోన్‌హాగె, స్ట్రాసెన్ దాన్ని ఇంకెంతో ముందుకి తీసుకెళ్లారు. సంఖ్యని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని బహుపదికి గుణకాలుగా చూసి, ఆ బహుపది విలువల్ని చాలా బిందువుల దగ్గర ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌తో కనుక్కుని, విడివిడిగా గుణించి, వెనక్కి మార్చడం ఇందులోని దారి. మామూలుగా దీనికి దశాంశాలూ సంకీర్ణ సంఖ్యలూ అవసరమవుతాయి, వాటితో పొరపాట్ల టెన్షన్. వీళ్లు 2 ఘాతానికి ఒకటి కలిపిన సంఖ్యతో భాగించగా మిగిలే శేషాల్లో లెక్క చేశారు, అక్కడ ఫూరియర్‌కి కావలసిన మూలాలు 2 ఘాతాలే. బైనరీలో 2 ఘాతంతో గుణించడమంటే అంకెల్ని పక్కకి జరపడమే కదా! అలా దాదాపు ఖర్చు లేకుండా పని అయిపోయింది. అంకెల సంఖ్య ఎన్ అనుకుంటే శ్రమ ఎన్ × లాగ్ ఎన్ × లాగ్ లాగ్ ఎన్. ఆ చివరి లాగ్ లాగ్ కూడా పోవాలి, ఎన్ × లాగ్ ఎన్ దగ్గర ఆగాలి అని వాళ్లు ఊహించారు. 2007లో ఫ్యూరర్ కొంత దగ్గరికి వచ్చాడు, 2019లో హార్వే, వాన్ డెర్ హూవెన్ దాన్ని సాధించారు. కానీ ఊహలో రెండో సగం, అంతకన్నా తక్కువలో ఎవరూ చేయలేరన్నది, ఇప్పటికీ నిరూపణ లేకుండానే ఉంది. పెద్ద సంఖ్యల లెక్కలకి వాడే జీఎంపీ లైబ్రరీలో మాత్రం వీళ్ల పద్ధతి నేటికీ నడుస్తోంది.

1977లో వచ్చిన ఇంకో పేపర్‌లో పాత సంభావ్యత మనిషి మళ్లీ కనిపిస్తాడు. తర్కశాస్త్రవేత్త రాబర్ట్ సొలొవేతో కలిసి, ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని పాచికలు వేసి చెప్పే పరీక్ష తయారు చేశాడు. ఉదాహరణకి 13 తీసుకోండి, అందులోంచి ఒకటి తీసి సగం చేస్తే 6. 2 ఘాతం 6 అంటే 64, 13తో భాగిస్తే శేషం 12, అంటే −1 లాంటిది. బేసి ప్రధాన సంఖ్యకి, అది భాగించని ఏ అంకెతో మొదలుపెట్టినా ఇలా +1 గానీ −1 గానీ రావాలి, ఆ రెండిట్లో ఏది రావాలో వేరే దారిలో, గాస్ కాలం నాటి సిద్ధాంతంతో, త్వరగా లెక్కేసుకోవచ్చు. ఇప్పుడు 15 తీసుకోండి: 2 ఘాతం 7 అంటే 128, 15తో భాగిస్తే శేషం 8. దొరికిపోయింది, 15 ప్రధాన సంఖ్య కాదు, దాని కారణాంకాలేంటో మనకి తెలియకుండానే తేలిపోయింది. బేసి సంయుక్త సంఖ్య ఏదైనా సరే, మొదలుపెట్టే అంకెల్లో కనీసం సగం ఇలా దాన్ని పట్టిస్తాయని వాళ్లు నిరూపించారు. కాబట్టి యాభైసార్లు యాదృచ్ఛికంగా అంకెలు ఎంచుకుని పరీక్షిస్తే, మోసపోయే అవకాశం 2 ఘాతం 50లో ఒక వంతుకి మించదు.

తప్పు రావచ్చు కానీ ఎంత అరుదుగానో మనం చెప్పగలం అనే అల్గారిథమ్‌ని గణితవేత్తలు ఒప్పుకోవడం అప్పట్లో అంత తేలిక కాదు. కానీ సమయం కలిసొచ్చింది. ఆర్‌ఎస్‌ఏ రహస్య సంకేత పద్ధతికి పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు కావలసి వచ్చాయి, ఆ పద్ధతి కనిపెట్టినవాళ్లు తమ పేపర్‌లో సొలొవే-స్ట్రాసెన్ పరీక్షనే సిఫారసు చేశారు. ఇప్పుడు దాని స్థానంలో ఎక్కువగా మిల్లర్-రాబిన్ పరీక్ష వాడుతున్నారు, అందులో ఒక్కోసారికి మోసపోయే అవకాశం నాలుగో వంతే. పాచికలు లేకుండా కూడా ఈ పని త్వరగా చేయొచ్చని 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించినప్పుడు మన దేశంలో పెద్ద వార్తయింది, ఆ కథకి పాతికేళ్ల ముందు అధ్యాయం ఇదే. 2003లో మిల్లర్, రాబిన్, సొలొవే, స్ట్రాసెన్ నలుగురికీ కలిపి పారిస్ కనెల్లాకిస్ అవార్డు ఇచ్చారు.

ఎవరూ పెద్దగా చెప్పుకోనిది, నాకు అన్నిటికన్నా నచ్చేది, వాల్టర్ బావర్‌తో కలిసి 1983లో రాసిన పేపర్. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. 1973లో స్ట్రాసెన్ బీజీయ జ్యామితిలోని బెజూ సిద్ధాంతాన్ని (సమీకరణాలకి గరిష్ఠంగా ఎన్ని సాధనలుంటాయో చెప్పేది) తీసుకొచ్చి, ఎన్ చలరాశులకి ఒక్కోదానికీ ఎన్‌వ ఘాతం కట్టాలంటే, అన్నీ కలిపి ఒకేసారి చేసినా, ఎన్ × లాగ్ ఎన్ గుణకారాలకి తక్కువలో కుదరదని నిరూపించాడు. ‘తక్కువలో కుదరదు’ అని చెప్పడం ఎంత కష్టమో గుర్తుంచుకోండి, ఒక పద్ధతి చూపిస్తే సరిపోదు, ఇప్పటిదాకా ఎవరికీ తట్టని పద్ధతులన్నిటినీ కలిపి కాదనాలి. అయితే ఆ నిరూపణ చాలా జవాబులు ఒకేసారి అడిగినప్పుడే పనిచేసేది. ఒకే ఒక జవాబు, ఉదాహరణకి ఆ ఘాతాల మొత్తం మాత్రమే అడిగితే? అక్కడ చేతులు కట్టేసినట్టయింది.

బావర్, స్ట్రాసెన్ చూపించిన దారి ఇది: ఒక బహుపదిని కొంత శ్రమతో లెక్కించగలిగితే, దాని పాక్షిక అవకలజాలన్నిటినీ (ఒక్కో చలరాశి కొంచెం మారితే జవాబు ఎంత వేగంగా మారుతుందో చెప్పేవి), ఎన్ని చలరాశులున్నా, ఆ శ్రమకి కొద్ది రెట్లలోనే లెక్కించొచ్చు. పది చలరాశులున్నా పది లక్షలున్నా ఆ రెట్లు పెరగవు. కాబట్టి ఆ మొత్తం చవకగా వచ్చేటట్టయితే దాని అవకలజాలు, అంటే విడివిడి ఘాతాలు, అవీ చవకగా రావాలి. అవి రావని ముందే తెలుసు. కాబట్టి మొత్తం కూడా చవకగా రాదు. ఇప్పుడు ఈ ఫలితాన్నే తిరగేసి చూడండి. కోట్లాది పారామీటర్లున్న న్యూరల్ నెట్‌వర్క్‌కి ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఒక్కో పారామీటర్‌కీ అవకలజం కావాలి, అన్నీ కలిపి ఒకసారి నెట్‌వర్క్ నడిపిన ఖర్చుకి కొద్ది రెట్లలోనే వచ్చేస్తాయి, బ్యాక్‌ప్రాపగేషన్ అని మనం పిలిచేది అదే. ఆ పద్ధతి వీళ్లు కనిపెట్టింది కాదు, 1970లోనే ఫిన్లాండ్‌కి చెందిన లిన్నైన్మా రాసి ఉన్నాడు. వీళ్లు వచ్చిన దిక్కు వేరు: లోకమంతా వేగం కోసం వాడుకుంటున్నదాన్ని వీళ్లు ఒక పని వేగంగా కాదని నిరూపించడానికి వాడారు.

1986లో మళ్లీ మాత్రికల దగ్గరికే వచ్చాడు. అప్పటికి ఆ రంగం వేలం పాటలా తయారైంది: 1978లో పాన్ 2.795 అంటే, 1979లో బీని బృందం 2.78, ఆపైన షోన్‌హాగె 2.522. స్ట్రాసెన్ ఘాతాన్ని 2.48 దగ్గరికి దించాడు, కానీ ఇక్కడ కూడా అంకెకన్నా పద్ధతే పెద్దది. నేరుగా మాత్రికల గుణకారాన్ని పట్టుకోకుండా, తేలిగ్గా లెక్కించగలిగే వేరే టెన్సర్ (మూడు దిక్కుల్లో అంకెలు పేర్చిన పట్టిక, ఇలాంటి లెక్కల్ని అలా రాసిపెడతారు) ఒకటి తీసుకుని, దాన్ని దానితోనే చాలాసార్లు గుణించి, ఆ గజిబిజిలోంచి బోలెడన్ని మాత్రికల గుణకారాల్ని విడదీసి బయటికి లాగాడు. దాన్ని లేజర్ పద్ధతి అంటారు. మరుసటి ఏడే కాపర్‌స్మిత్, వినోగ్రాడ్ అదే పద్ధతితో 2.376కి వచ్చారు, ఆ తర్వాత జరిగిందంతా మూడో నాలుగో దశాంశ స్థానంలో పోట్లాట. 2024 నాటికి 2.3714 కన్నా కొంచెం తక్కువ. ఆ ఘాతం 2 దాకా దిగుతుందని చాలామంది నమ్మకం, కానీ ఇప్పుడు వాడుతున్న టెన్సర్‌తోనే ఈ దారిలో పోతే 2కి చేరలేరని 2015 నుంచి వచ్చిన ఫలితాలు చెబుతున్నాయి.

1988లో జ్యూరిక్ వదిలి జర్మనీలోని కాన్‌స్టాన్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు, 1998లో రిటైరయ్యాడు. యోహాకిమ్ ఫాన్ జుర్ గాథెన్, పీటర్ బ్యుర్గిసర్ లాంటి శిష్యులు బీజీయ సంక్లిష్టతని, అంటే ఇలాంటి లెక్కలకి కనీసం ఎంత శ్రమ కావాలో చూసే ఆ శాస్త్రాన్ని, ముందుకి తీసుకెళ్లారు. కాంటర్ పతకం, 2008కి నూథ్ ప్రైజ్, 2011లో కొన్రాడ్ జూసె పతకం వచ్చాయి.

మొదలుపెట్టిన ప్రశ్న ఎక్కడిదాకా వచ్చిందంటే, రెండుకి రెండు మాత్రికలకి ఏడే కనిష్ఠం, ఆరుతో కుదరదు అని 1971లో వినోగ్రాడ్ నిరూపించాడు. మూడుకి మూడు మాత్రికలకి? 1976 నుంచి 23 గుణకారాల పద్ధతి చేతిలో ఉంది, 19కన్నా తక్కువలో కుదరదని 2003 నుంచి తెలుసు, మధ్యలో ఏది నిజమో తేలలేదు. నాలుగుకి నాలుగుకి స్ట్రాసెన్ పద్ధతి రెండు మెట్లు వాడితే 49 వస్తుంది. 2022లో డీప్‌మైండ్ వారి ఆల్ఫాటెన్సర్ సున్నా, ఒకటి మాత్రమే ఉండే లోకంలో 47తో చేసి చూపించింది, 2025లో ఆల్ఫాఎవాల్వ్ సంకీర్ణ సంఖ్యల మీద 48తో చేసింది.

ఇక ఆయన ఊహల్లో ఒకటి వమ్మయింది కూడా. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లెక్కలున్నాయి, వాటిని విడివిడిగా చేసే బదులు కలిపి చేస్తే గుణకారాలు తగ్గుతాయా? తగ్గవని 1973లో స్ట్రాసెన్ ఊహించాడు. ఎనిమిది ఏడుగా తగ్గుతుందని చూపించినవాడే ఇక్కడ మాత్రం తగ్గదన్నాడు, చాలామందికి అది అక్షరాలా నిజమనిపించింది. నలభై ఏళ్లకి పైగా నిలబడ్డాక, యారొస్లావ్ షితోవ్ అనే రష్యన్ గణితవేత్త అది తప్పని నిరూపించాడు, 2019లో ఆక్టా మాథెమాటికాలో ఆ పేపర్ అచ్చయింది. సంబంధం లేని లెక్కల్ని కలిపి చేసినా ఆదా అయ్యే సందర్భాలున్నాయి.